ఉప్పుకాగితం పట్టుకొనే ముందు పిడి చెక్కను తిరగేసి చూడండి

సంపాదకులకు,

అయ్యా,

పాత వస్తువులకు మెరుగు పెట్టుకొనే పద్ధతుల గురించి మీ ఆదివారం అనుబంధంలో ఈ మధ్య వెలువడిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఇత్తడి సామాను, గోడగడియారాల పెట్టెలు, తోలు సంచుల విషయంలో రచయిత చెప్పినవాటితో నాకు పేచీ లేదు. కాని పాత రివాల్వర్ల చెక్క పిడుల గురించి చివరన రాసిన ఒక్క పేరాలో రెండు సలహాలు ఉన్నాయి. పిడి చెక్కలను ఊడదీసి, లోపలి చెక్క తేటగా బయటపడేవరకు ఉప్పుకాగితంతో రుద్ది, పైన వార్నిషు వేయాలన్నది మొదటిది. నూనె పూసిన గుడ్డను పారేయకుండా మడిచి డబ్బాలో పెట్టుకుంటే మరుసటి పూతకు పనికివస్తుందన్నది రెండవది. మొదటి సలహా వస్తువును పాడుచేస్తుంది, రెండవది ఇంటిని తగలబెట్టగలదు. ముప్పై ఏళ్లకు పైగా పాత చెక్క సామాను మరమ్మతు, పాలిష్ పనుల్లో ఉంటూ, అందులో భాగంగా లైసెన్సుదారులవీ సేకర్తలవీ అయిన రివాల్వర్ పిడులను కూడా బాగుచేసినవాడిని కనుక ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది. కొంత నిడివి పెరిగినందుకు మన్నించండి.

ముందుగా చెప్పవలసింది, పిడి చెక్కకు రెండు ముఖాలున్నాయని. బయటి ముఖం అందరూ చూసేదే. ఇనుప చట్రానికి ఆనుకొని ఉండే లోపలి ముఖం మాత్రం చెమట తగలక, వెలుతురు పడక, తయారైననాటి స్థితిలోనే చాలావరకు మిగిలి ఉంటుంది. అమెరికా తుపాకుల సంస్థ స్మిత్ అండ్ వెసన్ వారి పాత రివాల్వర్లలో కుడివైపు పలక లోపలి ముఖాన, ఆ తుపాకి క్రమసంఖ్యనే ముద్రగానో పెన్సిలుతోనో వేసేవారు. చెక్కను ఒక్కొక్క చట్రానికి విడివిడిగా చేత్తో అమర్చేవారు కాబట్టి, పాలిష్ పనికి వేరుచేసిన జత తిరిగి తన తుపాకికే చేరడానికి ఆ అంకె అవసరమయ్యేది. ఇప్పుడు ఆ అంకె చట్రం మీది అంకెతో సరిపోతే ఆ పిడి ఆ రివాల్వర్‌తోనే కర్మాగారం నుంచి బయటికి వచ్చిందనడానికి అంతకంటే బలమైన ఆధారం ఉండదు. గురి సాధనకోసం విడిగా అదనంగా అమ్మిన పెద్ద టార్గెట్ పిడులపై సాధారణంగా ఈ అంకె ఉండదు కాబట్టి, అంకె లేనంత మాత్రాన దాన్ని నకిలీ అనుకోనక్కరలేదు.

కొన్నేళ్ల క్రితం ఒక పెద్దమనిషి తన తండ్రిగారి రివాల్వర్ పిడిని నా దగ్గరికి తెచ్చారు. అంతకుముందే ఎవరిచేతనో "శుభ్రం" చేయించారు. పైన రుద్దింది చాలదన్నట్టు, చట్రానికి సరిగ్గా ఆనడం లేదని లోపలి ముఖాన్ని కూడా బల్ల మీద ఉప్పుకాగితం పరిచి సాపు చేశారు. ఏటవాలు వెలుతురులో పట్టి చూస్తే పెన్సిలు గీతల్లో ఒక ఏడూ, ఒక మూడులో సగమూ కనిపించాయి. మిగిలిన అంకెలు ధూళిలో కలిసిపోయాయి. ఆయనకు ఆ సంగతి చెప్పాలా వద్దా అని చాలాసేపు తటపటాయించి, చివరికి చెప్పాను.

బయటి ముఖం కూడా తేదీ చెప్పగలదు. స్మిత్ అండ్ వెసన్ పిడుల పైభాగాన పొదిగే గుండ్రటి లోహపు బిళ్ల 1910 ప్రాంతంలో బంగారు రంగులో ఉండేది. 1920ల దశకంలో చాలావరకు బిళ్ల లేకుండానే పిడులు వచ్చాయి. ఆ దశకం చివరినుంచి వెండి రంగు బిళ్లలు కనిపిస్తాయి. చట్రం పైకొమ్ము వరకు పాకి అరచేతికి వెడల్పుగా ఆనే మాగ్నా పిడులు 1935లో .357 మాగ్నమ్ రివాల్వర్‌తో పాటు ప్రవేశించాయి. పట్టు జారకుండా పిడి మీద సన్నటి గీతలతో గళ్లు చెక్కేవారు; స్క్రూ రంధ్రం చుట్టూ ఆ గళ్లు చెక్కకుండా వదిలిన చిన్న వజ్రాకారం 1960ల చివరి వరకు కొనసాగి తర్వాత అదృశ్యమైంది. అందుకే సేకర్తలు పిడిని చూడగానే ఆ వజ్రం కోసమే వెతుకుతారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో తయారైన విక్టరీ మోడల్‌కు గళ్లూ బిళ్లా ఏమీ లేని నున్నటి వాల్‌నట్ పిడి ఉంటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో పిస్తోళ్ల తయారీ అమెరికా సైన్యం అవసరాన్ని అందుకోలేక, ఆ పిస్తోళ్ల .45 తూటాకే పనికివచ్చేలా కోల్ట్, స్మిత్ అండ్ వెసన్ సంస్థలచేత చేయించిన 1917 మోడల్ రివాల్వర్ల పిడులూ అటువంటి సాదా చెక్కలే. వాటిని చూసి పేదగా ఉన్నాయనుకొని, గళ్లు చెక్కిన మంచి పిడిని తొడిగి, అసలు చెక్కలను ఏదో సొరుగులో పడేసినవారు ఎందరో ఉన్నారు. ఆ సొరుగు ఒకసారి వెతకమని నా మనవి.

కోల్ట్ 1873 సింగిల్ యాక్షన్ సంగతి వేరు. సైన్యానికి ఇచ్చినవాటిలో పిడి ఒకే ముక్కగా ఉంటుంది.  దాన్ని తీయడానికి స్క్రూ ఉండదు, వెనుక ఇనుపపట్టీని విప్పాలి. అంచున స్క్రూడ్రైవర్ దూర్చితే చెక్క దెబ్బతింటుంది. దాని పక్కభాగాన తనిఖీ అధికారి పొడి అక్షరాలు ఒక గీతల గడిలో ముద్రగా కొట్టి ఉంటాయి. ఆ ముద్ర లోతు కాగితం మందానికి ఎక్కువేమీ కాదు. నాలుగుసార్లు ఉప్పుకాగితం తగిలితే అది ఇక ఎప్పటికీ లేనట్టే. చేతిలో అరిగి మసకబారిన ముద్రకైనా విలువ ఉంటుంది కాని, కొత్తగా మెరిసే చెక్క మీద ముద్ర లేని చోటుకు విలువ ఉండదు.

ఇక ఎంపిక విషయానికి వస్తాను. పోయిన పిడి స్థానంలో పాతదే మరొకటి కొనదలచినవారు చెక్క అందం కంటే ముందు చట్రం కొలత చూడాలి. స్మిత్ అండ్ వెసన్‌లో జె, కె, ఎల్, ఎన్ అనే పరిమాణాలున్నాయి. వీటిలో కె, ఎల్ చట్రాల పిడిభాగం ఒకటే కాబట్టి ఒకదాని పిడి రెండవదానికి సరిపోతుంది, మిగిలినవి సరిపోవు. ఒకే పరిమాణంలో కూడా అడుగు చతురస్రంగా ఉన్నవి, గుండ్రంగా ఉన్నవి వేరువేరు. కోల్ట్ పిడి స్మిత్‌కు పట్టదు, స్మిత్‌ది కోల్ట్‌కు పట్టదు. బలవంతంగా పట్టించే ప్రయత్నంలో చట్రం అడుగున ఉండే చిన్న ఇనుపమేకు చెక్కలోని తన రంధ్రంలో సరిగా కూర్చోక, స్క్రూ బిగించగానే అక్కడినుంచే చెక్క చీలుతుంది. కొనేటప్పుడు లోపలి ముఖంలో ఆ మేకు రంధ్రాన్నీ, స్క్రూ రంధ్రం చుట్టునూ భూతద్దంతో చూస్తే సగం మోసాలు అక్కడే బయటపడతాయి. నూలుపోగు వంటి చీలికను మైనంతో కప్పి అమ్మడం ఈ వ్యాపారంలో కొత్తేమీ కాదు.

రెండు పలకలూ ఒకే దుంగనుంచి వచ్చాయా అన్నది తర్వాతి ప్రశ్న. చెక్క చారల దిశ, నిడివి, రంగు రెండింటిలో ఒకేలా నడవాలి. రెండు వేరు జతల్లో మిగిలిన ఒంటి పలకలను కలిపి జతగా అమ్మినప్పుడు రంగును అద్దకంతో కలిపివేయవచ్చు కాని చారలను కలపలేరు. పక్కపక్కన పెట్టి, అడుగువైపు నుంచి చెక్క కోత ముఖాలు చూస్తే తెలుస్తుంది. పాత చెక్క పోగుకు అడ్డంగా కొద్దిగా కుంచించుకుపోతుంది, నిలువుగా దాదాపు కుంచించుకోదు. అందువల్ల ఎనభై ఏళ్ల పిడిలో అంచు వెంబడి ఇనుము వెంట్రుకవాసి బయటికి కనిపించడం సహజమే. ఇనుము, చెక్క అంచులు అన్నిచోట్లా గీత గీసినట్టు కలిసి ఉంటే, చెక్కో ఇనుమో ఎక్కడో మళ్లీ రుద్దుడు పడిందేమోనని నేను అనుమానిస్తాను.

పట్టుకొనే చేయి సంగతి చాలామంది చివరికి వదిలేస్తారు. మాగ్నా పిడి చూడటానికి ఎంత అందమైనదైనా, ట్రిగ్గర్ రక్షక వలయానికి వెనుక చట్రంలో ఖాళీని అలాగే వదిలేస్తుంది. పెద్ద చేతులవారికి మధ్యవేలు ఆ ఖాళీలోకి జారి, పేలినప్పుడు కణుపులకు దెబ్బ తగులుతుంది. ఆ కారణంతో అసలు పిడిని మార్చేయకుండా, ఖాళీని నింపే చిన్న అల్యూమినియం అడ్డుముక్కను తగిలించుకొనే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. విప్పి పక్కన పెడితే పిడి మునుపటిలాగే ఉంటుంది. పెద్ద టార్గెట్ పిడులు ఆ ఖాళీని చెక్కతోనే నింపుతాయి కాని చిన్న చేతికి అవి దిమ్మెల్లా ఉంటాయి. వాటి ఎడమ పలక పైభాగం పలచబడి చెక్కబడిందో లేదో కూడా చూడాలి. పలచబడకపోతే సిలిండర్‌ను తెరిచినప్పుడు ఖాళీ గొట్టాలు బయటపడే దారికి చెక్క అడ్డం వస్తుంది.

చెక్క జాతుల గురించి వ్యాసకర్త అన్నింటినీ "గట్టి చెక్క" అని ఒక్క మాటలో తేల్చారు. ఎక్కువ భాగం వాల్‌నట్, అంటే అక్రోటు. చేవ భాగం గోధుమ నలుపు, అంచున తెల్లచెక్క. సూక్ష్మరంధ్రాలున్నా మితంగానే ఉంటాయి, నూనెను చక్కగా తాగుతుంది, చిన్న పనిముట్టుకు లొంగుతుంది. 1960ల నుంచి టార్గెట్ పిడులకు గొన్సాలో ఆల్వెస్ అనే దక్షిణ అమెరికా కలపను విరివిగా వాడారు. ఎర్రటి గోధుమరంగు మీద నల్లటి పొడవైన చారలతో పులిచర్మాన్ని తలపిస్తుంది. ఇది బరువైనది, దట్టమైనది. రోజ్‌వుడ్, కోకొబోలో రెండూ డాల్బెర్జియా ప్రజాతిలోనివి. మన జిట్రేగి కూడా ఆ ప్రజాతిదే. చూడముచ్చటైన కలపలే కాని వాటిలో సహజంగా ఉండే పదార్థాలు రెండు ఇబ్బందులు తెస్తాయి. ఆ ధూళి కొందరి చర్మానికి పడక దద్దుర్లు తెస్తుంది, ఒకసారి పడకపోవడం మొదలైతే తర్వాత ప్రతిసారీ పెరుగుతుంది. రెండవది, అదే పదార్థాలు నూనెపూత ఆరకుండా అడ్డుపడతాయి. రెండవదాని గురించి కింద మళ్లీ చెబుతాను. బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను అంతర్జాతీయ వన్యజాతుల ఒప్పందంలోని మొదటి జాబితాలో 1992లోనే చేర్చారు. 2017 జనవరి నుంచి డాల్బెర్జియా జాతులు మొత్తంగా ఆ ఒప్పందం పరిధిలోకి వచ్చాయి. దేశం దాటించి తెప్పించుకొనేవారు ఆ పత్రాల సంగతి అమ్మేవారిని ముందే అడగడం మంచిది.

నల్లగా ఉన్నదంతా నల్లచేవ చెక్క కాదన్న చిన్న హెచ్చరిక కూడా ఇక్కడే. అనేక పాత రివాల్వర్ల నల్ల పిడులు గట్టిరబ్బరుతో అచ్చుపోసినవి. అవి వెలుతురుకు పాచిరంగు లేదా గోధుమరంగులోకి తిరుగుతాయి, వేలితో గట్టిగా రుద్దితే గంధకం వాసన వస్తుంది. చెక్కకు చేసే ఏ చికిత్సా వాటికి చేయకూడదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. పిడిని కడిగి వదిలేయాలా, పూతంతా తీసి మళ్లీ వేయాలా? నా అనుభవంలో చేతికి వచ్చిన పాత పిడుల్లో ఎక్కువభాగానికి కడగడమే చాలు. నల్లగా కనిపించేదాంట్లో చాలావరకు చెక్క రంగు కాదు, దశాబ్దాల చెమట, నూనె, ధూళి కలిసి గడ్డకట్టిన పొర. తుపాకి ఖాళీగా ఉందని సిలిండర్ తెరిచి ప్రతి గదినీ కంటితోనూ వేలితోనూ చూసుకొన్నాకే పనిలోకి దిగాలి. గాడికి సరిగ్గా సరిపోయే వెడల్పుగల స్క్రూడ్రైవర్‌తో స్క్రూను పూర్తిగా తీయకుండా నాలుగైదు చుట్లు మాత్రమే విప్పి, స్క్రూ తల మీద మెల్లగా నొక్కితే అవతలి పలక తనంతట తానే కదిలి వస్తుంది. ఎన్నడూ అంచున పనిముట్టు దూర్చి పెకలించకూడదు. పాత పిడుల అంచుల మీద కనిపించే నొక్కుల్లో చాలావాటికి అదొక్కటే కారణం. తర్వాత మినరల్ స్పిరిట్‌లో (రంగులు పలచన చేసే పెట్రోలియం ద్రావకంలో) తడిపిన మెత్తటి పళ్లబ్రష్‌తో గళ్ల గీతల వెంబడి, అడ్డంగా కాకుండా, తేలికగా తోమి, వెంటనే శుభ్రమైన గుడ్డతో అద్దితే, గుడ్డ మీదికి వచ్చిన మురికిని చూసి ఎవరైనా ఆశ్చర్యపోతారు. రెండుమూడుసార్లు ఇలా చేసి ఒకరోజు ఆరనిచ్చి, పలచగా మైనం పట్టిస్తే చాలా పిడుల పని పూర్తయినట్టే. ఇక్కడ చెయ్యి ఆపడమే కష్టం. నాకే ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంకొంచెం చేద్దామనిపిస్తుంది.

పూత ఊడి పెచ్చులు లేచినప్పుడు, ఎవరో ముందే పాలియురేథేన్ అనే ప్లాస్టిక్ వార్నిషు దట్టించినప్పుడు, లేదా విలువ పరంగా పోగొట్టుకొనేదేమీ లేని ఒంటరి పిడి అయినప్పుడు మళ్లీ పూత వేయడం తప్పు కాదు. ముందు పాత పూత ఏమిటో తెలుసుకోవాలి. కంటికి కనపడని అడుగు మూలలో మిథిలేటెడ్ స్పిరిట్ (ఆల్కహాలు) చుక్క వేస్తే జిగటగా మారినది లక్కపూత. స్పిరిట్‌కు లొంగక, థిన్నర్‌కు మెత్తబడినది లాకర్ అనే మెరుగుపూత. రెండింటికీ లొంగనిది బహుశా ఇటీవల వేసిన పాలియురేథేన్ వంటిది. దేనికి తగిన ద్రావకంతో దాన్ని తీయాలి కాని, పూతను తీయడానికి ఉప్పుకాగితం వాడకూడదు. మిథైలీన్ క్లోరైడ్ కలిసిన పాత రకం స్ట్రిప్పర్ల (పూత ఊడదీసే ద్రావకాల) జోలికి మాత్రం పోవద్దు. ఆ ఆవిరి వల్ల ప్రాణాలు పోయిన కారణంగానే అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2019లో వాటిని ఇంటి వాడకానికి అమ్మడాన్ని నిషేధించింది.

పూత పోయాక చెక్కలో నొక్కులు బయటపడతాయి. నొక్కుకూ కోతకూ తేడా గుర్తించాలి. నొక్కులో పోగులు అణిగి ఉంటాయి కాని తెగవు. తడిగుడ్డ ముక్క వేసి వేడి ఇస్త్రీపెట్టె కొసను క్షణకాలం ఆనిస్తే ఆవిరికి ఆ పోగులు ఉబ్బి తిరిగి లేస్తాయి. ఒకేసారి లేవకపోతే మూడునాలుగుసార్లు చేయవచ్చు. కోతలో పోగులు తెగిపోయాయి కాబట్టి ఏ ఆవిరీ వాటిని తిరిగి తేలేదు. ఆ మచ్చను అలాగే ఉంచడం నాకిష్టం. తుపాకి నూనె ఇంకి నల్లబడి మెత్తబడిన చోట, ముఖ్యంగా పైకొమ్ము దగ్గర, సుద్దపొడిని అసిటోన్‌తో ముద్దచేసి పట్టించి, ఎండిన తర్వాత దులిపేస్తే సుద్ద తనతో కొంత నూనెను లాగేసుకుంటుంది. పని ఎన్నిసార్లు చేయాల్సివస్తుందో నూనె ఎంతకాలం ఇంకిందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక పిడికి నేను పదకొండుసార్లు చేశాను. ఈ పని ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి. స్క్రూ చుట్టూ కనిపించే సిరానలుపు మచ్చ మాత్రం నూనె కాదు. ఇనుము, తేమ, చెక్కలోని టానిన్ కలిసిన ఫలితం. పూర్వం కరక్కాయ, అన్నభేది కలిపి సిరా కాచినప్పుడు జరిగిన రసాయనక్రియ ఇదే. దానికి ఆక్సాలిక్ ఆమ్లం పలచని ద్రావణం పనిచేస్తుంది. అది విషం కాబట్టి చేతితొడుగులు ధరించి, తర్వాత నీటితో బాగా కడగాలి.

ఉప్పుకాగితం అసలు వాడకూడదని నేననడం లేదు. కడిగిన తర్వాత లేచిన నూగును అణచడానికి 320, 400 నంబర్ల కాగితంతో, చారల వెంబడి, గళ్లు లేని భాగాల్లో మాత్రమే, రెండుమూడు దఫాలు తేలికగా నడిపితే చాలు. గళ్ల అంచును, లోహపు బిళ్లను ముందే టేపుతో కప్పాలి. బిళ్ల చుట్టూ చెక్క అరిగితే బిళ్ల బొడిపెలా పైకి లేచి నిలుస్తుంది, రుద్దిన పిడిని గదికి అవతలినుంచి కూడా గుర్తుపట్టేది ఆ గుర్తుతోనే. అంచుల దగ్గర చెక్క సన్నబడితే ఇనుము బయటికి తేలుతుంది, తీసిన చెక్కను తిరిగి పెట్టే మార్గం లేదు. అరిగిన గళ్లను మళ్లీ లోతు చేయడం వేరే విద్య. అంగుళానికి ఇరవై ప్రాంతంలో ఉండే ఆ గీతలను ఒంటిపన్ను పనిముట్టుతో, పాత గాడి దారిలోనే, ఒక్కొక్కటిగా నడపాలి. చెయ్యి ఒక్కసారి గాడి తప్పితే ఆ తప్పు నాలుగు గళ్లను మింగుతుంది. పాత సుత్తి పిడో, విరిగిన కుర్చీ కాలో దొరికితే దానిమీద నెలరోజులు సాధన చేయనివారు అసలు పిడిని ముట్టుకోకపోవడం మేలు. చెక్కధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారితమైన క్యాన్సర్ కారకాల్లో చేర్చింది కనుక, ఎంత చిన్న పనికైనా ముఖానికి ధూళితొడుగు వాడాలి.

పూతకు నేను అవిసె నూనెనే ఇష్టపడతాను. అంగట్లో "కాచినది" అని అమ్మేది నిజానికి కాచినది కాదు, త్వరగా ఆరడానికి లోహలవణాలు కలిపినది. పచ్చి అవిసె నూనె ఆరడానికి వారాలు పడుతుంది, ఇది ఒకటి రెండు రోజుల్లో ఆరుతుంది. టంగ్ చెట్టు గింజల నూనె నీటిని ఇంకా బాగా ఆపుతుంది కాని ఓపిక ఎక్కువ కావాలి. ఏదైనా వేలికొసకు రెండు చుక్కలు తీసుకొని చెక్క వేడెక్కేలా రుద్ది, పావుగంట తర్వాత మిగిలినదంతా తుడిచేయాలి. తుడవకుండా వదిలితే పైన బంకలా నిలిచి గళ్లలో గడ్డకడుతుంది. గళ్లలోకి నూనె పళ్లబ్రష్‌తో ఒక్కసారి మాత్రమే. ఒక్కో పూతకు ఒక రోజు ఆరనిస్తూ, నున్నటి భాగాలకు ఆరేడు పూతలు వేస్తే చెక్క లోపలినుంచి వెలిగినట్టుంటుంది. రోజ్‌వుడ్, కోకొబోలోలకు ఇది పనిచేయదు. వాటిలోని సహజపదార్థాల వల్ల నూనె వారాల తరబడి జిగటగానే ఉండిపోతుంది. వాటికి అసిటోన్‌తో పైపైన తుడిచి, పలచని లక్కపూత ఒకటి వేసి ఆపైన నూనె వాడవచ్చు. అంతకంటే తేలిక ఏమిటంటే, దట్టమైన ఆ చెక్కను గుడ్డతో మెరుగుపెట్టి మైనంతో ముగించడం. నేను చేసేది రెండవదే.

ఇక వ్యాసంలోని రెండవ సలహా. అవిసె నూనె నీటిలా ఆవిరై ఆరదు. గాలిలోని ఆమ్లజనిని పీల్చుకొని గట్టిపడుతుంది, ఆ క్రియలో వేడి పుడుతుంది. చెక్క మీద పలచగా ఉన్నప్పుడు ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. మడిచిన గుడ్డలోనో, ఉండలా చుట్టి మూలన పడేసిన గుడ్డల కుప్పలోనో నూనె వేలకొద్దీ పోగుల మీద పరుచుకొని ఉంటుంది, వేడి బయటికి పోయే దారి ఉండదు. వేడి పెరిగినకొద్దీ క్రియ వేగం పెరుగుతుంది, కొన్ని గంటల్లో ఏ నిప్పురవ్వా లేకుండానే గుడ్డ అంటుకుంటుంది. ఇది పుస్తకాల్లోని భయం కాదు. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలోని వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనంలో, చెక్కపలకలకు మెరుగుపెట్టిన పనివారు 22వ అంతస్తులో వదిలిన అవిసె నూనె గుడ్డలనుంచే మంటలు పుట్టాయి. దాదాపు 19 గంటలు కాలిన ఆ మంటల్లో ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది మరణించారు. 30వ అంతస్తులో నీటిజల్లు పరికరాలు పనిచేయడంతో మంట ఆగింది, భవనం మాత్రం తిరిగి వాడుకలోకి రాక చివరికి కూల్చివేతకు గురైంది. పిడి పనికి వాడే గుడ్డ అరచేయంతే ఉండవచ్చు. ఆ చిన్న గుడ్డను విప్పి తీగ మీద ఒంటిపొరగా ఆరేసి, గట్టిపడిన తర్వాతే పారేయాలి, లేదా నీళ్లు నింపిన మూతడబ్బాలో ముంచి ఉంచాలి. ఇంకా వాడుకోవాలనుకున్నా సరే, పొడిగా మడిచి దాచకూడదు.

మిగిలినవి చిన్న సంగతులే. తిరిగి బిగించేటప్పుడు స్క్రూ ఆగిన చోట ఆపాలి, ఇంకో పావుచుట్టు కోసం బలం పెట్టకూడదు. నూలుచీలిక కనిపిస్తే పలచని సూపర్ గ్లూను లోపలివైపు నుంచి చీలికలోకి ఇంకనివ్వాలి, బయటివైపు నుంచి వేస్తే మచ్చ పడుతుంది. తోలు ఒరలో ఏళ్ల తరబడి ఉంచితే తోలులోని తేమ, ఆమ్లం ఇనుముకూ చెక్కకూ కూడా హాని చేస్తాయి. తుపాకికి నూనె పెట్టి నిలువుగా పిడి కిందికి ఆనించి ఉంచేవారు ఆ నూనె అంతా ఏళ్ల తరబడి చెక్కలోకే దిగుతుందని గుర్తించాలి. పైన చెప్పిన మెత్తబడిన కొమ్ములకు ఎక్కువగా అదే కారణం.

రివాల్వర్ పిడి విషయంలో అభిరుచులు వేరుగా ఉండవచ్చు, ఎంత మెరుపు ఇష్టమన్నది ఎవరి చిత్తం వారిది. మొదటి సలహాపై నాతో ఏకీభవించని పాఠకులుంటే వారి ఉత్తరాలను కూడా మీరు ప్రచురిస్తే సంతోషిస్తాను. కాని నూనె గుడ్డను మడిచి డబ్బాలో దాచమన్న వాక్యం విషయంలో మాత్రం అభిప్రాయభేదానికి తావు లేదు. ఆ వాక్యాన్ని సవరిస్తున్నట్టు, ఉత్తరాల పేజీలో కాకుండా, ఆ వ్యాసం వచ్చిన అనుబంధంలోనే అదే చోట, చదువరుల కంటపడే అక్షరాల్లో వచ్చే ఆదివారమే ప్రకటించవలసిందిగా కోరుతున్నాను. ఆ పేరా చదివి ఈపాటికే ఎవరైనా డబ్బాలో గుడ్డ పెట్టి ఉండవచ్చు.

ఇట్లు,
భవదీయుడు,
పాత చెక్క పని చేసే ఒక పాఠకుడు